కీ ఇచ్చే చేతులు

సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కావస్తోందంటే సందర్శకులు మిగతా గదులు వదిలేసి ఒక్కచోటికి చేరతారు. ఆ వేళకు వస్తే పన్నెండు దెబ్బలూ వినొచ్చని ఆశ. పిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. ఎదురుగా అద్దాల వెనక పెద్ద గడియారం. అందులో ఒక కమ్మరి బొమ్మ సుత్తితో క్షణాలు లెక్కపెడుతూ అలుపెరగకుండా కొడుతుంటుంది. గంట గంటకూ గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. జనం చప్పట్లు కొట్టి కదిలిపోతారు.

ఈ గడియారంలో 350కి పైగా భాగాలున్నాయి. కలకత్తాలో పేరుమోసిన కుక్ అండ్ కెల్వీ సంస్థ దీన్ని కూర్చింది. కొని తెచ్చుకున్నది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1949లో కన్నుమూశాక ఆ సేకరణ మ్యూజియం అయింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని దివాన్ దేవిడీలో ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి తరలించారు. అన్ని వస్తువుల మధ్య నుంచి ఎవరో ఈ గడియారాన్ని కదిపారు, మళ్లీ నిలబెట్టారు, మళ్లీ నడిపించారు. చేసినవాడి పేరు తెలుసు, కొన్నవాడి పేరు తెలుసు. నడిపిస్తూ వచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఏ పలక మీదా కనిపించవు. మన ఊళ్లలో గడియారాల చరిత్రంతా ఇలాగే ఉంది. గోపురం కట్టించిన నవాబు, విరాళమిచ్చిన సేఠు, తయారుచేసిన కంపెనీ శాసనాలకెక్కారు. వారానికోసారి మెట్లెక్కి కీ ఇచ్చినవాడు, అరిగిన ఇరుసును అరంతో సరిచేసినవాడు, కంటికి అద్దం తగిలించుకుని చెక్క పెట్టె ముందు ముప్పై నలభై ఏళ్లు వంగి కూర్చున్నవాడు ఎక్కలేదు. నిజానికి కాలాన్ని మనదాకా తెచ్చినవాళ్లు వీళ్లే.

యంత్రం రాకముందు కూడా కాలానికి కాపలాదారు ఉండేవాడు. మన దేశంలో వందల ఏళ్లు నడిచింది నీటి గడియారం. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లున్న పెద్ద పాత్రలో వదిలేవారు. రంధ్రంలోంచి నీరెక్కి గిన్నె మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రాత్రీ పగలూ కలిపి గిన్నె 60 సార్లు మునగాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. వినడానికి తేలిక. నడపడం తేలిక కాదు. నీళ్లలో మట్టి ఉంటే రంధ్రం పూడుకుని గడియ పొడవవుతుంది. తోమీ తోమీ రంధ్రం అరిగితే గడియ కురచ అవుతుంది. మునిగిన గిన్నెను వెంటనే తీసి ఖాళీ చేసి మళ్లీ వదలకపోతే ఆ జాగు రోజంతా వెంటాడుతుంది. కాబట్టి గిన్నె పక్కన నిద్రపోని మనిషి ఒకడు కావాలి.

ఆ మనుషుల్ని చూసి ముచ్చటపడినవాడు బాబరు. రెండు వేళ్ల మందం ఇత్తడి పళ్లేన్ని ఎత్తైన చోట వేలాడదీసి, గడియ గడియకూ కొట్టే పద్ధతిని తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. ఆ పద్ధతిలో ఒక లోపమూ కనిపెట్టాడు. రాత్రిపూట మెలకువ వచ్చినవాడికి దెబ్బలు వినిపిస్తాయి గానీ అది ఎన్నో జామో తెలియదు. గడియలు కొట్టాక కాస్త ఆగి జామును కూడా కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. నిద్ర చాలని ఒక మనిషి అడిగిన సవరణ అది. కాల పరికరాల చరిత్రలో ఇలాంటి సవరణలే ఎక్కువ.

పెళ్లి ముహూర్తానికీ ఈ గిన్నే దిక్కు. ముహూర్తం తప్పకూడదంటే నీటి గడియారాన్ని శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించి, కనిపెట్టుకుని కూర్చోవాలి. ఈ ఆచారం గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసిన పండితుడు శ్రీరాముల రాజేశ్వర శర్మ. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యుడిగా పనిచేసి, భారతీయ ఖగోళ పరికరాల మీద జీవితమంతా వెచ్చించారు. దేశంలోనూ విదేశాల్లోనూ మ్యూజియంలలో చెదిరిపోయి ఉన్న నీటి గడియారాలు, నీడ గడియారాలు, యంత్రాలన్నిటినీ వెతికి పట్టుకుని ఆయన తయారుచేసిన పట్టిక పెద్ద నిధి. గడియారాల మీద ఆసక్తి ఉన్న ఎవరైనా మొదలుపెట్టదగిన చోటు అది.

యంత్ర గడియారం హైదరాబాదు వీధుల్లోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో. సుల్తాన్ బజార్ గడియార గోపురం 1865 నాటిది, నగరంలో మిగిలిన పాతవాటిలో ఒకటి. అక్కడికి దగ్గర్లోనే బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైలు వచ్చాక నిమిషానికి విలువ పెరిగింది, జాములూ గడియలూ సరిపోలేదు. 1889లో చార్మినారుకు నాలుగు దిక్కులా నాలుగు గడియారాలు అమర్చారు. అప్పటికి ఆ కట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్లు. ఆ తర్వాత మూడేళ్లకు, 1892లో, పైగా వంశానికి చెందిన ప్రధాని ఆస్మాన్‌జా చార్మినారుకు పడమర మహబూబ్ చౌక్‌లో తోట మధ్య అంతస్తులంతస్తులుగా గోపురం ఎత్తించాడు. సికింద్రాబాదు గోపురాన్ని 1897 ఫిబ్రవరి 1న రెసిడెంటు ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించాడు. 120 అడుగుల ఎత్తున ఉన్న ఆ గోపురానికి గడియారం ఇచ్చినవాడు దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ నెత్తిన కూడా గడియారం పెట్టారు.

హైదరాబాదు ఒక్కటే కాదు. విజయనగరంలో గంటస్తంభం, అనంతపురంలో, నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్లు ఊరికి నడిబొడ్డులయ్యాయి. ఆటో ఎక్కి పేరు చెబితే చాలు. గడియారం ఆగిపోయినా ఆ చోటు పేరు మారలేదు.

ఇంతకీ ఆ గోపురాలు చూపించింది ఎవరి సమయం? సూర్యుడు నడినెత్తికొచ్చేది విశాఖపట్నంలో ముందు, హైదరాబాదులో ఆ తర్వాత దాదాపు 19 నిమిషాలకు. ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదిగా ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. రైళ్లకే ఇబ్బంది. అందుకని రైల్వేలు మద్రాసు వేధశాల సమయాన్ని పట్టుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. మీర్జాపూర్ పేరు అందరూ చెబుతారు గానీ ఆ గీత మన తుని చెంత నుంచి కూడా వెళ్లి సముద్రంలో కలుస్తుంది. మద్రాసు గడియారం దానికంటే దాదాపు 9 నిమిషాలు వెనక. హైదరాబాదు సూర్యుడు 16 నిమిషాలు వెనక. అప్పట్లో గోపురాల మీదికెక్కి ముళ్లు ముందుకు జరిపినవాళ్లు ఊరి మధ్యాహ్నాన్నే జరిపారు.

గోపురం గడియారం పనిచేసే తీరు చూస్తే అది మనిషిని ఎంత అడుగుతుందో అర్థమవుతుంది. బరువైన ఇనుప దిమ్మెలు తాళ్లకు వేలాడుతుంటాయి. అవి దిగుతుంటే పళ్ల చక్రాలు తిరుగుతాయి. ఊరికే వదిలితే దిమ్మె ఒక్క ఊపున నేలకు దిగిపోతుంది. లంగరు ఆకారంలో ఉన్న ముక్క ఒకటి పళ్ల మధ్య అడ్డం పడుతూ, లోలకం ఊగిన ప్రతిసారీ ఒక్కో పన్నును మాత్రమే వదులుతుంది. టిక్కు టిక్కుమనే చప్పుడు ఆ అడ్డం పడే చప్పుడే. లోలకంతో గడియారాన్ని కట్టడి చేయవచ్చని 1656లో చేసి చూపించినవాడు హాలండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్. అంతకుముందు రోజుకు పావుగంట తప్పిన గడియారాలు ఆయన తర్వాత సెకన్లలో తప్పడం మొదలుపెట్టాయి.

లోలకానికి శత్రువు ఎండ. ఉక్కు కడ్డీ పది డిగ్రీల వేడికి సాగేది ఇంచుమించు వెంట్రుక మందమే అయినా, ఆ సాగినదానికే గడియారం రోజుకు 5 సెకన్లు వెనకబడుతుంది. మాఘమాసపు చలిలో సరిచేసిన గడియారం రోహిణి కార్తె వచ్చేసరికి నెలకు నాలుగైదు నిమిషాలు మింగేస్తుంది. లండన్‌లో జార్జ్ గ్రాహం కడ్డీ కింద పాదరసపు గాజుపాత్ర తగిలించి దీన్ని జయించాడు. కడ్డీ కిందికి సాగితే పాదరసం పైకి ఉబ్బుతుంది, రెండూ సరిపోతాయి. జాన్ హారిసన్ ఇత్తడి, ఉక్కు కడ్డీలను జల్లెడలా పక్కపక్కన పేర్చాడు. చాలాకాలం తర్వాత 1896లో చార్ల్స్ గియోం వేడికి దాదాపు సాగని ఇన్వార్ అనే మిశ్రలోహం కనిపెట్టాడు, 1920లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇవేవీ లేని మామూలు గోపురాల్లో మాత్రం లోలకం కింది మరను ఎండాకాలం బిగించి, చలికాలం వదులుచేసే మనిషే ఆధారం. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లోని ప్రపంచ ప్రసిద్ధ గడియారాన్ని కూడా ఇలాగే చేత్తో దిద్దుతారు. లోలకం మీద ఒక పాత పెన్నీ నాణెం అదనంగా పెడితే అది రోజుకు 0.4 సెకను ముందుకు నడుస్తుంది. తీస్తే అంతే వెనక్కి. కోట్లమంది నమ్మే గడియారం ఒకరి చేతిలోని చిల్లర మీద నడుస్తుంది.

మన గోపురాలకు ఎండ చాలదన్నట్టు దుమ్ము, వాన, పావురాలు తోడయ్యాయి. పెద్ద ముల్లు మీద పావురాలు బారులు తీరితే వెనకున్న యంత్రానికి అదనపు బరువు. పిచ్చిక గూటి గడ్డిపోచ పళ్ల మధ్య చిక్కితే చాలు, గోపురం నాలుగు ముఖాలూ ఆగిపోతాయి. చాలాచోట్ల పాత యంత్రాలు తీసేసి కరెంటు యంత్రాలు పెట్టారు. బయటి నుంచి చూసేవారికి తేడా తెలియదు. కానీ లోపలి ఇత్తడి చక్రాలు పాత ఇనుము ధరకు పోతే, ఆ గోపురం చరిత్రలో సగం తక్కెడకెక్కినట్టే. ముళ్లు తిరగకపోయినా సరే, యంత్రాన్ని అక్కడే ఉంచి చూపించే మున్సిపాలిటీ మేలు.

గోపురం ఊరిది, చేతి గడియారం ఇంటిది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో మన దొరలూ వకీళ్లూ రైల్వే గార్డులూ వాడిన వాచీలు స్విట్జర్లాండు నుంచి వచ్చాయి. 1886లో బొంబాయిలో మొదలైన వెస్టెండ్ వాచ్ కంపెనీ, అంతకుముందు నుంచే ఇక్కడ అమ్మిన ఫేవర్ లూబా పేర్లు పాత తరానికి కంఠతా వచ్చు. అవి ఖరీదైనవి. వాచీ మామూలు ఇంటికి వచ్చింది 1961 తర్వాత. ఆ ఏడాది హెచ్ఎంటీ సంస్థ జపాను సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టింది. జనతా, పైలట్, జవాన్, సోనా, కాంచన్. నల్ల డయలు పైలట్ అంటే కుర్రకారు పడిచచ్చేవారు. అంధుల కోసం తడిమి తెలుసుకునే బ్రెయిలీ వాచీ కూడా చేశారు. కావాలనుకున్న వెంటనే దొరికేది కాదు, పేరు రాయించుకుని ఎదురుచూసేవారు. తెలుగు నాట పెళ్లి మాటల్లో వాచీ, సైకిలు, రేడియో అనే మూడింటి జట్టు ఆ రోజుల్లోదే. అల్లుడి మణికట్టు మీది జనతా వెనక మామగారి ఒక పంట డబ్బు ఉండేది. అందుకే అది ఆగితే ఇల్లంతా కంగారు పడేది.

హైదరాబాదుకు సొంత వాచీ కూడా ఉండేది. 1942లో పుట్టి ఫ్రిజ్‌లకూ ఇనుప బీరువాలకూ డబుల్ డెక్కర్ బస్సులకూ పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఆల్విన్, 1980లలో జపాను సీకో సాయంతో వాచీలు చేసింది. ఆల్విన్ ట్రెండీ ప్రకటనలు ఇప్పటికీ కొందరికి గుర్తు. ఆ కథ ఎంతోకాలం సాగలేదు. ఫ్యాక్టరీ పోయాక ఆల్విన్ పెట్టుకున్నవారికి విడిభాగాలు దొరకని చిక్కు మిగిలింది.

ఈ వాచీలన్నీ చివరికి చేరింది రోడ్డు పక్కన అద్దాల పెట్టె దగ్గరికి. పత్తర్‌గట్టీ వరండాల్లో, సికింద్రాబాదు వీధుల్లో, ప్రతి తాలూకా ఊరి బస్టాండు దగ్గర ఆ పెట్టె ఉండేది. పెట్టె మీద బోర్లించిన గాజు గ్లాసు, కింద విప్పిన వాచీ. గాలి వీస్తే మర ఎగిరిపోతుందని ఆ గ్లాసు. పక్కన పట్టకార్లు, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గిన్నెలో పెట్రోలు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి ముందు ఇచ్చేది టైంపీసు. దాని చక్రాలు పెద్దవి, తప్పు చేసినా కంటికి కనిపిస్తుంది. కీ పూర్తిగా వదలకుండా విప్పితే స్ప్రింగు చేతిని కోస్తుందన్న పాఠం అక్కడే, రక్తంతోనే, అబ్బేది. గోడ గడియారం తర్వాత. చేతి వాచీ దాకా రావడానికి ఏళ్లు పట్టేది. పుస్తకం లేదు, పరీక్ష లేదు. గురువు వేళ్లు చూడటమే చదువు.

మరి ఆ వాచీలో ఉన్నదేమిటి? కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగు ఒక డబ్బాలో ఉంటుంది. అది విప్పుకుంటూ నాలుగు చక్రాల వరసను తిప్పుతుంది. చివర ఎస్కేప్ వీల్. దాని పళ్లను ఆపుతూ వదులుతూ లివరు. ఆ లివరును కదిపేది బ్యాలెన్స్ వీల్, దానికి ప్రాణం హెయిర్ స్ప్రింగు. ఈ చుట్ట స్ప్రింగును 1675లో ప్రకటించినవాడు కూడా హైగెన్సే. లివరు పద్ధతిని కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ మడ్జ్, 1750లలో. జనతా వాచీ బ్యాలెన్స్ సెకనుకు ఐదుసార్లు కొడుతుంది. రోజుకు 4,32,000 సార్లు. ఆ చక్రపు ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదో వంతు మందం. అవి లోహంలో తిరిగితే కొన్నాళ్లకే అరిగిపోతాయి కనక కెంపు రాళ్లలో తిప్పుతారు. డయలు మీద కనిపించే 17 జువెల్స్ అన్న మాట ఆ రాళ్ల లెక్క. అవి గనిలోంచి తీసినవి కావు. 1902లో ఫ్రాన్సులో వెర్నాయ్ ప్రకటించిన పద్ధతిలో కొలిమిలో పెంచిన కెంపులు.

వాచీ చేయిజారి గచ్చు మీద పడిందంటే మొదట విరిగేది ఆ ఇరుసే. రిపేరువాళ్ల భాషలో స్టాఫ్ పోయింది. పాత స్టాఫును రివిట్ల దగ్గర తొలగించి, కొత్తది దిగ్గొట్టి, చక్రం అటూ ఇటూ ఊగకుండా తూచి, హెయిర్ స్ప్రింగును చుట్టకు చుట్ట తగలకుండా మళ్లీ కూర్చాలి. నిపుణుడికి పూటంతా పని. అయస్కాంతం దగ్గర పెట్టిన వాచీది ఇంకో జబ్బు. స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని, వాచీ రోజుకు పది పదిహేను నిమిషాలు ముందుకు ఉరుకుతుంది. నీళ్లు దిగితే తుప్పు. ఏమీ కాకపోయినా నాలుగైదేళ్లకు నూనె ఎండి జిగురవుతుంది, వాచీ సోమరిదవుతుంది. అప్పుడు ఓవరాయిలింగు, అంటే మొత్తం విప్పి, కడిగి, మళ్లీ కూర్చడం. ఇందులో అసలు విద్య నూనె దగ్గర ఉంది. ఒక్కో రాయికి సూదిమొన మీద నిలిచేంత బొట్టు. ఎక్కువైతే పక్కకు పాకి దుమ్మును పట్టుకుంటుంది. లివరు ఇరుసుకు అసలు వేయకూడదు. మంచి పనివాడెవరో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత లేదు: అతను ఎక్కడ నూనె వేయడో చూడాలి.

పని పూర్తయ్యాక పరీక్ష ఆకాశవాణి పెట్టేది. వార్తలకు ముందు వచ్చే పిప్ శబ్దాలకు చెవి ఒగ్గి, ముల్లు సరిచేసి, మర్నాడు అదే వార్తలకు తేడా చూసి, రెగ్యులేటరును వెంట్రుకవాసి కదిపేవారు. రెండు మూడు రోజులు పెట్టె మీద వేలాడితే గానీ వాచీ యజమానికి చేరేది కాదు.

1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే వాచీ అమ్మకానికి పెట్టింది. అందులో బ్యాలెన్స్ వీల్‌కు బదులు బ్యాటరీ కరెంటుతో కంపించే క్వార్ట్జ్ ముక్క ఉంది. తర్వాత స్థిరపడిన క్వార్ట్జ్ వాచీల్లో ఆ కంపనం సెకనుకు 32,768 సార్లు. ఐదుసార్లు కొట్టే జనతా దాని ముందు నిలవలేదు. స్విట్జర్లాండులో 1970 ప్రాంతంలో దాదాపు 90 వేలమంది వాచీ పనిలో ఉంటే, 1980ల చివరికి అది 30 వేలకు పడిపోయింది. మన దగ్గర 1984లో స్థాపించిన టైటాన్ హోసూరు నుంచి క్వార్ట్జ్ వాచీలతో వచ్చి బజారును పట్టేసింది. మోర్బీలో చేసిన అజంతా గోడ గడియారాలు లోలకాలున్న గడియారాల్ని అటకెక్కించాయి. పెట్టె ముందు కూర్చున్న మనిషికి పని తగ్గలేదు గానీ పని మారింది. స్టాఫ్ వేసే చేతులు సెల్లు మార్చాయి. మూడు నిమిషాల పనికి కొడుకును కూర్చోబెట్టి ఏళ్ల విద్య నేర్పాలని ఏ తండ్రికీ అనిపించలేదు. తర్వాత మొబైల్ ఫోన్ ఆ సెల్లు పనినీ తగ్గించింది. 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

కంపెనీ మూతపడుతుందన్న వార్తే మళ్లీ ఆ వాచీల మీద కన్ను పడేలా చేసింది. తాత పైలట్ వాచీ కోసం అటకలు వెతికినవారు, పాతబస్తీ సంతల్లో జనతాల కోసం తిరిగేవారు బయల్దేరారు. దీంతో ఒక చెడుపూ వచ్చింది. పాత డయలు మీద కొత్త రంగులు పూసి, ఎక్కడెక్కడి ముక్కలో అతికి, కొత్త హెచ్ఎంటీ అని అమ్మేవి గుట్టలుగా వచ్చాయి. ఆ మోడల్లో కంపెనీ ఎన్నడూ చేయని రంగుల డయళ్లు వాటిని పట్టిస్తాయి. మచ్చలు పడి, రంగు వెలిసిన అసలు డయలు విలువ ఆ మెరుపుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాచీని ప్రేమించేవాడు దాని వయసును కూడా ప్రేమించాలి, డయలుకు రంగు కొట్టించకూడదు.

నేర్చుకోవాలనుకునేవారికి దారులున్నాయి. డొనాల్డ్ డి కార్ల్ రాసిన వాచీ మరమ్మతు, గడియారాల మరమ్మతు పుస్తకాలు దాదాపు డెబ్భై ఎనభై ఏళ్ల నాటివి, కానీ బొమ్మ బొమ్మకూ చెయ్యి పట్టి నేర్పుతాయి. 1981లో వచ్చిన జార్జ్ డేనియల్స్ పుస్తకం ఇంకో మెట్టు పైది. ఆయన వాచీలోని ప్రతి భాగాన్నీ సొంతంగా తయారుచేయగలిగినవాడు. ఆయన కనిపెట్టిన కో యాక్సియల్ ఎస్కేప్‌మెంటును 1999 నుంచి ఒమేగా వాడుతోంది. లండన్‌లో 1858లో పెట్టిన బ్రిటిష్ హొరాలాజికల్ ఇన్‌స్టిట్యూట్ దూరవిద్యగా కూడా పాఠాలు చెబుతుంది. అమెరికాలో 1943లో మొదలైన గడియారాల సేకరణకర్తల సంఘం పెన్సిల్వేనియాలోని కొలంబియా పట్టణంలో మ్యూజియం నడుపుతుంది. బెంగళూరు జాలహళ్లిలో హెచ్ఎంటీ వారి వారసత్వ కేంద్రం ఉంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ గడియారాల గది ఉండనే ఉంది. ఫ్రెంచి, ఇంగ్లీషు, స్విస్, జర్మన్ గడియారాలు, పైన తొడుగు లేకుండా చక్రాలన్నీ బయటికి కనిపించే అస్థిపంజర గడియారాలు అక్కడ చూడొచ్చు. పన్నెండు దెబ్బలయ్యాక జనంతో పాటు వెళ్లిపోకుండా ఆ అస్థిపంజర గడియారాల ముందు పావుగంట నిలబడితే, పుస్తకంలో పది పేజీలు చదివినంత అర్థమవుతుంది.

2020లో స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులోని జూరా ప్రాంతపు యంత్ర గడియారాల పనితనాన్ని యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. చేయడం వాళ్ల వారసత్వమైతే, విడిభాగం దొరకని చోట దాన్ని నడిపించడం మన వారసత్వం. మూడు చచ్చిన వాచీల్లోంచి ఒక బతికిన వాచీని తీయడం, లేని పన్నును అరంతో చెక్కి పెట్టడం జూరా లోయల్లో అవసరం పడని విద్య. దీన్ని ఏ విశ్వవిద్యాలయమైనా, ఏ సాంస్కృతిక శాఖైనా వీడియోల్లోనైనా పట్టి ఉంచాల్సిన వేళ ఇది. పెట్టె ముందు కూర్చున్నవారిలో చాలామంది పెద్దవాళ్లు.

ఇంట్లో పాత గోడ గడియారం ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే అది ఇంకో యాభై ఏళ్లు నడుస్తుంది. చోటు మార్చేటప్పుడు లోలకం తీసి విడిగా పట్టుకెళ్లాలి, లేకపోతే దాన్ని వేలాడదీసే సన్నని ఉక్కు రేకు విరుగుతుంది. కొత్త గోడకు తగిలించాక చెవి పెట్టి వినాలి. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉంటేనే అది నడుస్తుంది. కుంటి నడకలా వినిపిస్తే గడియారాన్ని ఒకవైపు కాస్త వాల్చి సరిచేయాలి. ముల్లును వెనక్కి తిప్పకూడదు. ముందుకు తిప్పేటప్పుడు ప్రతి గంట దగ్గరా ఆగి, దెబ్బలు పూర్తయ్యేదాకా ఊరుకోవాలి. కొన్ని పాత గడియారాల్లో దెబ్బల చక్రానికీ ముల్లుకూ పొంతన తప్పి, మూడుకు ఏడు కొట్టేది ఈ తొందరవల్లే. తుప్పు విడిపించే స్ప్రేలు, కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె దగ్గరికి రానివ్వకూడదు.

చేతి వాచీ అయితే వెనక మూత తీయించినప్పుడు లోపలి వైపు ఒకసారి చూడాలి. భూతద్దం కింద సూదితో గీసిన సన్నని అంకెలు, పొడి అక్షరాలు కనిపించవచ్చు. ఫలానా నెలలో ఫలానావాడు విప్పి కడిగాడని రిపేరువాళ్లు తమ కోసం, తర్వాత విప్పబోయే తోటివాడి కోసం పెట్టుకున్న గుర్తులవి. ఒక్కో మూతలో నాలుగైదు చేతుల రాతలుంటాయి. పాత వాచీలు సేకరించేవారిలో జాగ్రత్తపరులు ఆ గీతల్ని ఫొటో తీసి, వాచీతో పాటు దాచుకుంటారు. మూతకు మెరుగు పెట్టించేటప్పుడు లోపలి వైపు ముట్టుకోవద్దని పనివాడికి ముందే చెబుతారు.